తెలుగులో వచ్చిన ఫోను

మా ఇంట్లో బయటివాళ్ల ముందు "బాగుంది" అన్న మాట అనకూడదు. అలాంటి నియమం ఒకటుందని ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పుట్టినప్పటి నుంచీ వింటూ పెరిగితే వేరే చెప్పక్కర్లేదు కదా. రాజాం బజారులో మాది అపరాల కొట్టు. పెసలు, మినుములు, ఉలవలు, నువ్వులు రైతుల దగ్గర కొని పెద్ద ఊళ్లకి లారీల్లో పంపడం తాతయ్య నాటి నుంచీ వస్తున్న వ్యాపారం. కొట్టు ముందు లారీ ఆగి ఉండి, కళాసీలు బస్తాలు ఎక్కిస్తూ చెమటలు కక్కుతున్న సమయంలో కూడా దారినపోయే వాళ్లెవరైనా "ఏటి సావుకారూ, యాపారం ఎలాగున్నాది?" అంటే, మా నాన్న మొహం వేలాడేసి "ఏటుంటాది బావా, ఈగలు తోలుకుంటన్నాం" అనేవాడు. ఆ బావకీ తెలుసు అది అబద్ధమని. అయినా నిజమే కాబోలు అన్నట్టు తలాడించి వెళ్లిపోయేవాడు.

దీన్ని మా వాళ్లు అబద్ధం అనుకోరు. బాగుందంటే చందాలవాళ్లు వస్తారు, చేబదులు అడిగేవాళ్లు వస్తారు, రైతు ధర పెంచమంటాడు, అన్నిటికీ మించి దిష్టి తగులుతుంది. ప్రయాణాల విషయమైతే మరీ ఘోరం. పని పూర్తయ్యేదాకా ఫలానా చోటికి వెళ్తున్నామని చెప్పరు. అక్క పెళ్లిచూపులకి వెళ్తూ పక్కింటావిడతో "పంటి డాక్టరు కాడికి" అని చెప్పింది మా అమ్మ. పెళ్లి శుభలేఖ ఇచ్చినప్పుడు ఆవిడ, "పన్ను బాగా కుదిరిందేటమ్మా?" అని అడిగింది.

ఇలాంటి ఇంట్లోంచి నేను ఆస్ట్రేలియా వెళ్లి చదువుకోవాలనుకున్నాను. రెండువేల పదుల మధ్యలో సంగతి. అప్పటికి ఫుడ్ టెక్నాలజీలో బీటెక్ అయింది. గింజలు పుచ్చిపోకుండా నిల్వ చేయడం మీద పై చదువు చదవాలని నా కోరిక. వానాకాలం వచ్చిందంటే మా గోడౌనులో పెసల బస్తాల మీద పురుగులు బారులు తీరేవి. మందు బిళ్లలు పెట్టి తలుపులు మూసేసేవారు. ఆ వాసనకి నానమ్మ దగ్గు పట్టి పెరట్లో కూర్చునేది. ఇంతకంటే మంచి పద్ధతి ఉండదా అని చిన్నప్పటి నుంచీ నాకు ఒకటే అనుమానం. నానమ్మ మాత్రం దాన్ని "పురుగుల సదువు" అనేది. "పురుగుల్ని సూడ్డానికి అంత దూరం ఎల్లాలేటే? గోడౌనులోకి ఎల్లు, కావలసినన్ని ఉన్నాయి."

నాన్న ఎన్నాళ్లో ఆలోచించి చివరికి సరే అన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు. ఈ ఏడాది ప్రయత్నం చెయ్యి, అయితే అయింది, కాకపోతే మళ్లీ ఆ మాట ఇంట్లో ఎత్తకూడదు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్న క్షణం నుంచి భయం నాతో కాపురం పెట్టింది.

ఇంక దాపరికం మొదలైంది. ఊళ్లో అందరికీ నేను విశాఖపట్నంలో కంప్యూటరు కోర్సు చేస్తున్నట్టు చెప్పారు. ఇంగ్లీషు పరీక్షకి అమ్మతో కలిసి వెళ్తుంటే చీపురుపల్లిలో ఎవరో చుట్టాలు బస్సెక్కారు. కోర్సు ఎలా ఉందని వాళ్లు అడిగిన ప్రశ్నలకి లేని కోర్సు గురించి, లేని మాస్టారు గురించి విజయనగరం దాకా చెప్పుకొచ్చాను. బస్సు దిగేసరికి వీపంతా తడిసిపోయింది. అసలు పరీక్షలో కూడా అంత కష్టపడలేదు. అమ్మ మాత్రం "బానే సెప్పేవులే" అని మెచ్చుకుంది.

విజయనగరంలో ఒక మేడ మీద ఉన్న కన్సల్టెన్సీలో నా పని చూసేవాడు ఒక యువకుడు. ఎండాకాలంలో కూడా టై కట్టుకునేవాడు. సీటు వచ్చింది, బ్యాంకులో చూపించాల్సింది చూపించాం, వీసాకి అన్నీ పెట్టాం. అప్పుడతను నాన్నని ఎదురుగా కూర్చోబెట్టి, "అంకుల్, వీసా వాళ్లు మీకు ఫోన్ చేస్తారు. ఎప్పుడు చేస్తారో చెప్పలేం. మీ వ్యాపారం గురించి, డబ్బు గురించి, అమ్మాయి గురించి అడుగుతారు. ఇంగ్లీషులో అడుగుతారు. ధైర్యంగా చెప్పాలి. తడబడితే డౌట్ పడతారు" అన్నాడు.

నాన్న చదువు టెన్త్ దగ్గర ఆగిపోయింది. తిరుగు బస్సులో ఆయన "ఇంగ్లీషులోనేనేటి?" అని నన్ను రెండుసార్లు అడిగాడు. నాకు భయమేసి, ఆ సాయంత్రం నుంచే శిక్షణ మొదలుపెట్టాను. కొట్టు కట్టేసి వచ్చాక వీధి గదిలో నేను వీసా అధికారిని అయ్యేదాన్ని. నాన్న కుర్చీ అంచున కూర్చుని, ఖాళీ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని సమాధానాలు చెప్పేవాడు.

"హౌ ఈజ్ యువర్ బిజినెస్?"

"బిజినెస్ ఈజ్ వెరీ గుడ్ మేడమ్."

"హూ ఈజ్ పేయింగ్ ఫర్ యువర్ డాటర్?"

"ఐ యామ్ పేయింగ్ మేడమ్. ఐ హావ్ ఎనఫ్ మనీ మేడమ్."

"ఆఫ్టర్ స్టడీస్, విల్ షి కమ్ బ్యాక్?"

"షి విల్ కమ్ బ్యాక్ మేడమ్. డెఫినెట్లీ మేడమ్."

మొదట్లో తడబడేవాడు గాని, కొన్నాళ్లకి పూజలో అష్టోత్తరం చదివినట్టు గడగడా అప్పజెప్పేసేవాడు. ఆయన నోటి వెంట "వెరీ గుడ్" అన్న మాట వింటుంటే అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి నవ్వేది. నేను టీచరమ్మలా మార్కులు వేసేదాన్ని. చివరి ప్రశ్నకి ఎప్పుడూ నిండా మార్కులే. ఆయన నేర్చుకుంటున్నాడని నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం ఎందుకు తెచ్చుకున్నానో, నాకే తెలియాలి.

జూన్ నెల, ఎండలు ఇంకా తగ్గలేదు. ఒక మధ్యాహ్నం నాన్న కొట్టు నుంచి భోజనానికి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాలా హుషారుగా పీట మీద కూర్చున్నాడు. నేను మంచినీళ్లు పెడుతున్నాను. అమ్మ పప్పు వడ్డిస్తోంది.

"పొద్దున్న ఎవరో ఆడమనిషి ఫోను సేసిందే. తెలుగులో ఎంత తీయగా మాటాడతన్నాదో. అండీ అండీ అంటన్నాది. నాకు అప్పుడే అనుమానం వచ్చీసింది."

"ఎవులట?" అంది నానమ్మ.

"ఎవులో మరి, పేరు సెప్పినాది గాని కొట్లో గోలకి సరిగ్గా పట్టలేదు. మీ అమ్మాయి విదేశాలకి ఎల్తన్నాదా అని అడిగింది. ఈ సంగతి బయటికి ఎలాగొచ్చిందా అని నాకు గుండె ఝల్లుమంది. కొట్టు నిండా రైతులున్నారు. గట్టిగా సెప్పీసేను. విదేశాలేటమ్మా, మా ఆడగుంటకి ఇజీనారం బస్సెక్కడమే తెలీదు అన్నాను."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాన్న అది గమనించలేదు.

"అంతటితో ఊరుకుందేటి? యాపారం ఎలాగుంది, ఏడాదికి ఎంతొస్తాదని కూపీ. ఏటుందమ్మా, ఈగలు తోలుకుంటన్నాం అన్నాను. డబ్బులు ఎవరు కడతన్నారు అంది. మా కాడ డబ్బులెక్కడివమ్మా అని పెట్టీసేను."

"మంచిపని సేసేవు" అంది నానమ్మ. "ఎవుళ్లకి పడితే ఆళ్లకి సెప్పాలేటి?"

నేను నాన్న జేబులోంచి ఫోను లాక్కుని చూశాను. ఢిల్లీ నంబరు. వీసా ఆఫీసు ఉండేది అక్కడే. తిరిగి చేస్తే ఒక మర గొంతు ఇంగ్లీషులో ఏదో చెప్పి పెట్టేసింది. "నాన్నా, అది వీసా వాళ్లు" అన్నాను. ఆ మాట నాకే ఎక్కడో దూరం నుంచి వినిపించింది.

నాన్న నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. నా వైపు, అమ్మ వైపు చూసి, "ఇంగ్లీషులో అడుగుతారన్నావు కదే" అన్నాడు.

ఇంగ్లీషులో అడిగి ఉంటే ఇంగ్లీషులో నిజం చెప్పేవాడు. దానికి తయారుగా ఉన్నాడు పాపం. తెలుగులో అడిగారు. తెలుగులో ఆయన ఆ ప్రశ్నకి చిన్నప్పటి నుంచీ చెబుతూ వచ్చిన జవాబే చెప్పాడు. ఇప్పుడు ఇది అర్థమవుతోంది గాని, ఆ మధ్యాహ్నం నాకేం అర్థం కాలేదు. వీధికి వినబడేలా అరిచాను. ఊరందరికీ అబద్ధాలు చెప్పి చెప్పి చివరికి నా బతుకు మీదకి తెచ్చారన్నాను. నాన్న చెయ్యి కడిగేసుకుని లేచి, తువ్వాలు భుజాన వేసుకుని కొట్టుకి వెళ్లిపోయాడు. కంచంలో అన్నం అలాగే ఉంది. నేనూ తినలేదు. తలుపేసుకుని ఏడ్చాను. షరతు గుర్తొచ్చినకొద్దీ ఏడుపు ఎక్కువైంది.

మర్నాడు విజయనగరం వెళ్తే టై కట్టుకున్న యువకుడు తల పట్టుకున్నాడు. "ఒక్కోసారి తెలుగువాళ్లతో కూడా చేయిస్తారండీ" అన్నాడు. ఆ ముక్క ముందే చెప్పి చావచ్చుగా అని నోటిదాకా వచ్చి మింగేశాను. ఇంకా అతనితోనే పని కదా. అతను గబగబా ఒక వివరణ తయారు చేశాడు. కొట్టులో రద్దీ వల్ల మా నాన్నగారికి ప్రశ్నలు సరిగ్గా వినిపించలేదు, దయచేసి మళ్లీ ఫోన్ చేయండి అని. ఇంటికి తెచ్చి నాన్నకి తెలుగులో చెప్పి వినిపించాను.

నాన్న తల అడ్డంగా ఊపాడు. "నాకు బాగానే ఇనిపించింది" అన్నాడు.

"తెలుసు నాన్నా. రాయడానికి అలా రాశారు."

"వద్దమ్మా. ఇప్పుడు ఇంకోటి సెప్తే, రేపు ఆళ్లు అడిగినప్పుడు దానికీ కట్టుబడి మాటాడాలి. నావల్ల కాదు. ఉన్నదున్నట్టు రాసీయ్. మాకిది అలవాటని రాసీయ్."

ఉన్నదున్నట్టు రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మా ఊరి వ్యాపారులు డబ్బు లేదని చెప్పడం మర్యాద అని ఇంగ్లీషులో రాస్తే, చదివేవాళ్లకి మేం దొంగల్లా కనిపిస్తున్నాం. దిష్టి గురించి రాస్తే పిచ్చివాళ్లలా కనిపిస్తున్నాం. రాసి కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి నాలుగైదు వాక్యాలు మిగిలాయి. మా నాన్న అపరిచితులెవరికీ తన వ్యాపారం గురించి నిజం చెప్పడు, మీరు ఎవరో ఆయనకి తెలియలేదు, మీ దగ్గర ఉన్న కాగితాలే నిజం, ఇంకొకసారి అడిగి చూడండి అని. కన్సల్టెన్సీ యువకుడు అది చదివి, "ఇలా ఎవరూ రాయరండీ" అన్నాడు. అయినా పంపాడు.

ఆ తర్వాతి రోజులన్నీ ఫోను చుట్టూనే గడిచాయి. ఫోను మోగితే చాలు, ఇంట్లో అందరం ఎక్కడివాళ్లం అక్కడ బిగుసుకుపోయేవాళ్లం. నాన్న స్నానానికి వెళ్తే అమ్మ ఫోను పట్టుకుని స్నానాలగది తలుపు దగ్గర నిలబడేది. ఎవరో లోను కావాలా అని తెలుగులో తీయగా అడిగితే, నాన్న లేచి నిలబడి తన వ్యాపారం, ఆస్తి, కూతురి చదువు అన్నీ ఆ అమ్మాయికి వివరంగా చెప్పేశాడు. ఆ అమ్మాయి ఆనందానికి అంతులేదు. తర్వాత రోజూ ఫోను చేసేది. మోగినప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చేది.

నేను నాన్నతో సరిగ్గా మాట్లాడటం లేదు గాని, ఆయన్ని వదిలి ఉండలేక కొట్టులో వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాను. ఫోను వచ్చినప్పుడు పక్కన ఉండాలి. అమ్మాయి కొట్లో కూర్చుందేమిటని అడిగినవాళ్లకి కోర్సుకి సెలవులని చెప్పాం. అక్కడ తరగతులు మొదలయ్యే రోజు దగ్గరపడుతోంది. ఇంక రాదేమో, కాదని ఒక ముక్క పంపించేస్తారేమో అనుకుంటూ గోడ మీది క్యాలెండరు వైపు చూడటం మానేశాను.

ఫోను వచ్చినరోజు కొట్టులో వేసవి నువ్వులు తెచ్చిన రైతులున్నారు. నాన్న గుప్పెడు నువ్వులు అరచేతిలో పోసుకుని ఊదుతూ, "ధర పడిపోయింది బాబూ, నాకూ ఏటీ మిగలదు, మీ మొహం సూసి తీసుకుంటన్నాను" అంటున్నాడు. జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. నాకు చూపించాడు. ఢిల్లీ నంబరు.

బస్తాల వెనక్కి వెళ్తే సిగ్నలు అందదు. కొట్టు మెట్ల మీదే నిలబడి మాట్లాడాలి. పైగా నాన్న ఫోనులో మాట్లాడితే అవతలి వీధికి వినిపిస్తుంది. నేను రైతుల్ని కాసేపు బయటికి వెళ్లమని చెప్పేలోపే ఆయన ఫోను ఎత్తేశాడు.

"నేనేనమ్మా, సెప్పండి."

అదే గొంతు. నేను ఫోనుకి చెవి ఆనించి నిలబడ్డాను. మొన్న మీరు చెప్పింది, మీ అమ్మాయి రాసింది రెండూ నా ముందున్నాయి, ఏది నిజమండీ అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, కొద్దిగా నవ్వుందేమో కూడా.

నాన్న ఒకసారి రైతుల వైపు చూశాడు. ఎదురు కొట్టు సావుకారు కూడా చదువుతున్న పేపరు మడిచి ఇటే చూస్తున్నాడు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. ఆయన ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది.

"అమ్మాయి రాసిందే నిజమమ్మా. మా అమ్మాయి ఆస్ట్రేలియా ఎల్తన్నాది. సదువుకోడానికి. నేనే పంపుతన్నాను."

ఎదురు కొట్టు సావుకారు మెట్లు దిగి దగ్గరికొచ్చాడు.

"యాపారం బానే ఉందమ్మా. లోటేటీ లేదు. డబ్బు నాదే. ఎవరి దగ్గరా తీసుకున్నది కాదు."

"అయితే మా నువ్వులకి ధర పెంచాలి సావుకారూ" అన్నాడు రైతుల్లో ఒకాయన. నాన్న ఆయనకి చేత్తో దణ్ణం పెట్టి, ఉండమన్నట్టు సైగ చేశాడు.

ఆవిడ ఇంకా ఏవేవో అడిగింది. అన్నిటికీ సరిగ్గానే చెప్పాడు. అప్పుడు ఆవిడ, "చదువయ్యాక మీ అమ్మాయి తిరిగి వస్తుందా అండీ?" అంది.

దీనికి జవాబు ఆయనకి కంఠతా వచ్చు. ఎన్ని సాయంత్రాలు చెప్పించాను! తెలుగులో ఒక్క ముక్క అంటే చాలు. కానీ నాన్న ఏమీ అనలేదు. ఇన్నాళ్లూ ఇంగ్లీషులో అప్పజెప్పిన మాటకి అర్థం అప్పుడే తెలిసినట్టు నా వైపు తిరిగి చూశాడు. నేను చెప్పు, చెప్పు అని తల ఊపుతున్నాను. అవతల ఆవిడ "హలో" అంది.

"రావాలమ్మా" అన్నాడు నాన్న. "రావాలనే మా కోరిక. ఆపైన దాని సదువు, దాని మనసు. వస్తాదని నేను ఎలాగ సెప్పగలను? రావాలి. అంతే."

అయిపోయిందనుకున్నాను. ఆ ప్రశ్నకి ఒక్కటే జవాబు ఉండాలని కన్సల్టెన్సీలో ఎన్నిసార్లు చెప్పారో. నాకు ఏడుపొచ్చేసింది. అవతల కీబోర్డు మీద టకటక వినిపించింది. "సరే అండీ, ఉంటాను" అని ఆవిడ పెట్టేసింది.

నాన్న ఫోను తువ్వాలుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "పాడు సేసీసేనేటమ్మా?" అని మెల్లగా అడిగాడు. లేదని చెబుదామనుకున్నాను. దానికి బదులు ఆయన చెయ్యి పట్టుకున్నాను. అరచేతికి ఇంకా నువ్వులు అంటుకుని ఉన్నాయి.

ఆ సాయంత్రానికల్లా మా ఆస్ట్రేలియా సంగతి ఊరంతా తెలిసిపోయింది. చందాలవాళ్లు వచ్చారు. పిన్ని విజయనగరం నుంచి ఫోను చేసి అమ్మని నిలదీసింది. నానమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నాకూ నాన్నకీ కలిపి దిష్టి తీసి, ఊళ్లో ఒక్కొక్కరినీ పేరు పెట్టి తిట్టింది. నేను మాత్రం ఏ కబురు వస్తుందోనని మెయిల్ తెరిచి, తెరిచిన చెయ్యి తీయకుండా మళ్లీ తెరుస్తూ కూర్చున్నాను. రోజులు గడిచాయి. అన్నం సహించేది కాదు. అమ్మ కోప్పడితే రెండు ముద్దలు తిని లేచిపోయేదాన్ని.

చివరికి ఒక ఉదయం వీసా వచ్చింది. నాలుగు ఇళ్ల అవతల ఉన్న నెట్ సెంటరులో ప్రింటు తీయించి, పరిగెత్తుకుంటూ వచ్చి నాన్న చేతిలో పెట్టాను. అమ్మ నన్ను పట్టుకుని ఏడుస్తోంది. నాన్న కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని పైనుంచి కిందికి, ముందు వెనక తిప్పి చూశాడు.

"ఆ రోజు నేను సెప్పిన మాట రాసుకున్నారేటి ఇందులో?"

"ఏ మాట?"

"రావాలని సెప్పేను కదా."

నేను మళ్లీ చూశాను. నా పేరు, పాస్‌పోర్టు నంబరు, గడువు తేదీ, షరతులు ఉన్నాయి. "లేదు నాన్నా. అలాంటివి రాయరు."

"రాసుకోకపోతే మానీ" అన్నాడు నాన్న కాగితం నాకు తిరిగిస్తూ. "నువ్వు గుర్తెట్టుకో."

చెప్పులు వేసుకుని కొట్టుకి వెళ్లిపోయాడు.